మ్యాపులో నీళ్ళొచ్చే వీధి

నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాకు కోపం వస్తే కుళాయి విప్పుకుని తిడతాను.

మా ఆఫీసు మద్దిలపాలెంలో, ఒక బట్టల షాపు పైన. కారిడార్ చివర ఆడవాళ్ళ బాత్రూమ్ ఉంది. అక్కడి కుళాయికి మంచి జోరు. కింద ఖాళీ ప్లాస్టిక్ బకెట్ పెట్టి విప్పితే రేకుల కప్పు మీద వాన పడ్డట్టు హోరెత్తుతుంది. ఆ హోరులో నా గొంతు నాకే వినపడదు. అప్పుడు మొదలుపెడతాను. మా టీమ్ లీడర్‌ని తిడతాను. సర్వే యాప్‌ని తిడతాను. బస్సులో నా భుజం మీద తలవాల్చి నిద్రపోయిన మనిషిని తిడతాను. కొన్నిసార్లు మా అమ్మని కూడా. నలుగురి మధ్య రెండు మాటలు కూడబలుక్కోలేని దాన్ని, ఆ బకెట్ ముందు మాత్రం ఎక్కడా తడుముకోను. చదివిన నవలల్లోంచి మంచి మంచి మాటలు అరువు తెచ్చుకుని మరీ తిడతాను. బకెట్ నిండేలోపు ముగించాలన్నది నాకు నేను పెట్టుకున్న హద్దు. నిండగానే కట్టేస్తాను. కొండ మీద పుట్టి పెరిగిన దాన్ని. తిట్టుకోవడం కోసం నీళ్ళు కాలువలోకి వదిలే మనసు నాకు రాదు.

ఆ బకెట్ నీళ్ళతో ఊడ్చే ఆవిడ కారిడార్ తుడుచుకుంటుంది. "నాకోసరం నీళ్ళు పట్టి ఉంచుతాది, సాలా మంచి పిల్ల" అని అందరికీ చెబుతుంది. ఆఫీసులో నాకు నెమ్మదస్తురాలని పేరు.

మేము చేసేది నగరానికి నీళ్ళ మ్యాపు గీయడం. ఏ వీధి కింద ఏ పైపు పోతోంది, వాల్వు ఎక్కడుంది, ఏ ఇంటికి కుళాయి ఉంది, ఆ కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా లేదా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. సర్వేకి వెళ్ళినవాళ్ళు ఇంటింటి ముందు నిలబడి, నాలుగు ప్రశ్నలడిగి, ఫోన్లో నొక్కుతారు. ఆ ఇల్లు నా తెర మీద ఒక చుక్కై పడుతుంది. రోజూ నీళ్ళొస్తే పచ్చ చుక్క. రోజు విడిచి రోజొస్తే పసుపు. రాకపోతే ఎరుపు. ఎర్ర చుక్కలున్న వీధులకే ట్యాంకర్ వెళుతుంది.

చెబితే చిన్నపిల్లల రంగుల పుస్తకంలా ఉంటుంది. చేసేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. మధురవాడ వైపు నేనొక సందు గీసి, టీ తాగి వచ్చేసరికి అందులో ఒక అపార్ట్‌మెంట్ లేచి ఉంటుంది. మొన్న ఖాళీ స్థలమని వదిలేసిన చోట ఇవాళ జిమ్ వెలుస్తుంది. దానికి మళ్ళీ పైపు, మళ్ళీ చుక్క, మళ్ళీ "మా ఫ్లాట్లు మీ మ్యాపులో ఎందుకు కనబడటం లేదు" అని ఫోన్. ఈ ఊరు ఒక్క వారం కదలకుండా నిలబడితే చాలు, మొత్తం గీసి పారేస్తాను అని డైరీలో రాసుకున్నాను ఒకసారి. ఊరు నిలబడదు. నా మెడ మాత్రం నిలబడిపోయింది, ఎటూ తిరగకుండా.

మా ఇల్లు గోపాలపట్నం దాటాక కొండవాలులో ఉంది. మూడు వీధులు, ఒకదాని నెత్తిన ఒకటి. కింద వీధి, నడిమి వీధి, పై వీధి. మాది పై వీధి. తేటగా ఉన్న రోజున మా గుమ్మంలోంచి హార్బర్ క్రేన్లు కనిపిస్తాయి. చుట్టాలు వస్తే మొదట అదే చూపిస్తాం, మెట్లెక్కిన ఆయాసం మరిచిపోతారని. పైపు మా వీధి దాకా వేశారు. ఇంటింటికీ కుళాయి కూడా ఉంది. రానివల్లా నీళ్ళే. అవి నడిమి వీధి దాకా రొప్పుకుంటూ ఎక్కి అక్కడ చతికిలబడతాయి. మా కుళాయిలు విప్పితే ముసలివాళ్ళు ఊపిరి తీసుకున్నట్టు ఒక చప్పుడు వచ్చి ఆగిపోతుంది.

అందుకని మాకు ట్యాంకరే దిక్కు. రోడ్డు ఆగిపోయి మెట్లు మొదలయ్యే మలుపులో వచ్చి నిలబడుతుంది. అది రాకముందే బిందెలు వరస కడతాయి. బిందె వరసలో ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఎవరి బిందెనీ ఎవరూ జరపరు. ఏళ్ళ తరబడి మాటల్లేని తోడికోడళ్ళ బిందెలు కూడా మూతి మూతి ఆనించుకుని నిలబడి ఉంటాయి.

ఒక పొద్దున్న బిందెలన్నీ నిలబడ్డాయి, ట్యాంకర్ రాలేదు. ఎండెక్కింది. పక్కింటాయన డ్రైవర్‌కి ఫోన్ చేసి అందరికీ వినబడేట్టు స్పీకర్‌లో పెట్టాడు.

"బావా, మీ ట్రిప్పు తీసీసారు" అన్నాడు డ్రైవర్. "మ్యాపులో మీకు నీళ్ళొచ్చేత్తన్నాయంట. కబురు సెప్పనేదేటి? పార్టీ ఎప్పుడు?"

వీధంతా నా వైపు తిరిగింది. మ్యాపు అనే మాట వినపడితే మా వీధిలో చూడవలసిన మనిషిని నేనొక్కదాన్నే.

చివరింటి మామ్మ తన బిందె మీదే కూర్చుని ఉంది. మాకు చుట్టరికమేమీ లేదు. మా అమ్మ కాన్పుకి నొప్పులు పడుతుంటే మెట్ల మీదుగా మోయించి ఆటో ఎక్కించింది ఆవిడేనని, ఊరందరికీ ఆవిడ మామ్మేనని వింటూ పెరిగాను. నడుం వంగిపోయింది గానీ నోరు వంగలేదు.

"ఓలమ్మా, నీ కంప్యూటర్లో మాకు నీళ్ళున్నాయంట గదే" అంది. "అలగయితే ఆ కంప్యూటర్ ఇంటికి అట్టుకొచ్చీ. దాన్నే పిండుకుని తాగుతాం."

అందరూ నవ్వారు. నేను బ్యాగ్ తగిలించుకుని మెట్లు దిగిపోయాను. నాకు తెలిసిన సమాధానం అదొక్కటే.

ఆఫీసుకి వెళ్ళగానే మా వీధి తెరిచాను. కొత్త సర్వే వచ్చి పడి ఉంది. వీధి మొత్తం పచ్చ. మొక్కజొన్న చేనులా కళ్ళు చల్లబడేంత పచ్చ. మా ఇంటి చుక్క మీద నొక్కాను. నీళ్ళు వస్తున్నాయా, అవును. రోజూనా, అవును. ఒత్తిడి ఎలా ఉంది, బాగుంది. సమాధానం చెప్పినది ఎవరు, ఇంటి ఇల్లాలు.

మా ఇంటికి ఇల్లాలు ఒక్కతే.

ఆ రోజు బకెట్ నిండిపోయినా కట్టడం మరిచిపోయాను.

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. ఆయన మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళితే రాత్రి దాకా ఇంట్లో మేమిద్దరమే. నేను గుమ్మంలో నిలబడి అడిగాను, ఫోన్ పట్టుకుని ఎవరైనా వచ్చి నీళ్ళ గురించి అడిగారా అని.

"వొచ్చినారు."

"నువ్వేం చెప్పావు?"

"వొస్తన్నాయని సెప్పినాను. ఏం?"

"వస్తున్నాయా మనకి?"

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఆ పొద్దున్నే కదే మామ్మ మనవడిని సూసుకోడానికి ఆడపిల్లోళ్ళు వొచ్చినారు. కొండ మీద నీళ్ళు నేవంటే పిల్లనిత్తారేటి ఎవులైనా? వీధంతా ఒక మాట అనీసుకున్నాం, నీళ్ళకి లోటు నేదని. ఆళ్ళు మామ్మింట్లో కూకుని టీ తాగతంటే, ఈ ఫోన్లోళ్ళు వొచ్చి గుమ్మం కాడే గట్టిగా అడుగుతన్నారు, నీళ్ళొత్తన్నాయా, నీళ్ళొత్తన్నాయా అని. ఏటి సెప్పమంటావు?"

మా వీధిలో ఇంతకుముందు రెండు సంబంధాలు ఈ నీళ్ళ దగ్గరే తప్పిపోయాయని నాకూ తెలుసు. అందరూ కలిసి ఆ రోజు డ్రమ్ములు నింపారట. మామ్మ కుళాయికి కొత్త ట్యూబు తొడిగారట, వాడుకలో ఉన్నట్టు కనపడాలని.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు సెప్తే నువ్వు నిజం సెప్పీస్తావు."

"ఎవరికి చెబుతాను? నేను ఎవరితో మాట్లాడతాను?"

"ఆ మ్యాపుకి" అంది అమ్మ, మళ్ళీ గరిటె తీసుకుంటూ.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో రాయాలంటే ఇప్పటికీ భుజం నొప్పెడుతుంది. నీళ్ళ కోసం నడిమి వీధికి దిగేవాళ్ళం. వాళ్ళకి వచ్చేదే రోజు విడిచి రోజు, అదీ సన్నగా. వాళ్ళ అవసరాలు తీరాక మిగిలితే మా బిందెలు. నడిమి వీధి ఆడవాళ్ళ చేతికి ఇంత మంచి అవకాశం ఎన్నడూ చిక్కలేదు. "పైవీధోళ్ళు పచ్చంట, మనం పసుపంట. అలగయితే ఆళ్ళే మనకి పోయాల గదేటి నీళ్ళు?" అని ఒకావిడ అంటే, ఇంకొకావిడ "ఏటమ్మా, మీ ఇంట్లో ఒత్తిడి బాగుందంట గదా, కాస్త కిందికి వొదలండి" అనేది. ఈ రంగుల సంగతి వాళ్ళదాకా ఎలా చేరిందో తెలియదు. మా అమ్మే చెప్పి ఉంటుంది. అమ్మకి నా ఉద్యోగం గురించి గొప్పలు చెప్పుకోవడం ఇష్టం.

మామ్మ బిందె బదులు చిన్న చెంబుతో మోయడం మొదలుపెట్టింది. ప్రతి నాలుగు మెట్లకీ కూర్చునేది. మనవడు పోర్టులో రోజు కూలీ, పొద్దున్నే వెళ్ళిపోతాడు. నేను అందుకుందామని వెళితే చెంబు వెనక్కి దాచుకునేది. "ఎల్లు, ఎల్లు. నీ చుక్కలు నువ్వు పెట్టుకో."

టీమ్ లీడర్‌తో మాట్లాడాలని నిర్ణయించుకోవడానికి ఒక రోజు, ఆయన టేబుల్ దాకా వెళ్ళడానికి ఇంకొక రోజు పట్టాయి. ఆయన చెడ్డ మనిషి కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, అందరినీ అమ్మా అంటాడు. మధురవాడలో లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు.

"సార్, ఈ వీధి తప్పు పడింది."

"ఎలా చెబుతున్నావమ్మా?"

"నేను అక్కడే ఉంటాను సార్."

"అదే కదా ప్రాబ్లం" అన్నాడు ఆయన, ఎంతో దయగా. "నీ వీధి అని నువ్వు మార్చేస్తే, రేపు ఇంకొకడు వాళ్ళ బావమరిది వీధి మార్చమంటాడు. డేటా చూడు, అన్ని ఇళ్ళూ అవునన్నాయి. మీ ఇల్లు కూడా. పైపు కూడా దగ్గర్లోనే ఉంది."

"పైపు దగ్గరే సార్. కానీ మేము పైన ఉంటాం. నీళ్ళు ఎక్కవు."

ఆయన తెర మీద వేలు పెట్టి మా ఇంటికీ పైపుకీ మధ్య కొలిచాడు. "ఇంత దగ్గరుంటే ఎక్కకపోవడమేంటి?"

మ్యాపు ఆకాశంలోంచి చూస్తుంది. అక్కడ నుంచి చూస్తే మూడు వీధులూ పక్కపక్కన పడుకున్న మూడు తాళ్ళలా ఉంటాయి. ఏ తాడు దేని నెత్తిన ఉందో తెలియదు. ఎత్తులు చూపించే లేయర్ ఒకటి మా దగ్గర ఉంది, కానీ అది ఆన్ చేస్తే సిస్టమ్ స్లో అవుతుందని ఆయనే ఆపించాడు. ఈ ముక్క చెప్పాలని నోరు తెరిచాను. "సరే సార్" అని బయటికొచ్చింది. ఆ ముక్క మొత్తం బకెట్‌కి చెప్పాను.

అయితే ఆయన ఒక మేలు చేశాడు. నేనింకా అక్కడే నిలబడి ఉండటం చూసి, "రీసర్వే పెడదాం. నేనే వస్తాను. జనం నోటితో చెబితే మార్చేస్తా. మళ్ళీ అవునంటే మాత్రం ఇక నన్ను అడక్కు" అన్నాడు.

రీసర్వే ముందు రోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగాను. ఒకరి ఇంటికి పిలవకుండా వెళ్ళడమంటే నాకు చెమటలు పడతాయి. అయినా వెళ్ళాను. "నీళ్ళు రావు అని చెప్పండి, అంతే. ఇంకేమీ అక్కర్లేదు" అని అందరికీ అదే మాట. అందరూ సరేనన్నారు. మామ్మ అయితే విసుక్కుంది కూడా. "సెప్తాంలేవే. నిజం సెప్పడానికి మాకేటి రోగం? పిల్లని కుదుర్సుకోడం అయిపోనాది గదా."

మర్నాడు పొద్దున్న లేచి బయటికి వస్తే మెట్లన్నీ తడిగా మెరుస్తున్నాయి.

మా వీధి ఆడవాళ్ళు తెల్లవారకముందే నడిమి వీధి వాళ్ళని బతిమాలి నీళ్ళు తెచ్చి, వీధి మొత్తం కడిగి, గుమ్మం గుమ్మానికీ ముగ్గు పెట్టారు. మిగిలిన నీళ్ళతో డ్రమ్ములు నింపి మూతలు తుడిచి పెట్టారు. అమ్మ మెట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటోంది.

"ఏంటమ్మా ఇది?"

"ఆఫీసరు వొస్తన్నాడు గదే. మురికిగా ఉంటే ఏటనుకుంటాడు? నిన్నే తక్కువగా సూస్తాడు."

నీళ్ళు లేవని చెప్పడానికి నీళ్ళతో వీధి కడిగిన మనుషుల్ని నేను అప్పటిదాకా ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆయన వచ్చాడు. మలుపులో బండి ఆపి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. నడిమి వీధి చేరేసరికి ఇస్త్రీ పోయింది. పై వీధి చేరేసరికి మనిషి పోయేలా ఉన్నాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇక చూడాలి, ఇంటింటి నుంచీ గ్లాసులు బయలుదేరాయి. ఒకరు మంచినీళ్ళు, ఒకరు మజ్జిగ, ఒకరు నిమ్మరసం. మొహం కడుక్కోమని ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన కడుక్కున్నాడు. రెండోసారి కూడా కడుక్కున్నాడు. ఆ చెంబులో నీళ్ళు ఎవరి పొద్దుటి స్నానమో నాకు తెలుసు.

ఇది చాలనట్టు, ఆయన వెనకే ఇంకో మనిషి మెట్లెక్కి వచ్చాడు. పెళ్ళికూతురి మేనమామ. కింద వీధిలో అద్దెకుంటున్నాడు. ఈ సంబంధం తెచ్చింది ఆయనే. ఎవరో ఆఫీసరొచ్చాడంట, ఏటో సూద్దామని వచ్చానన్నాడు. మామ్మ ఆయన్ని చూసింది. మామ్మ మొహం మారిపోవడం నేను చూశాను.

టీమ్ లీడర్ ఫోన్ తీసి మొదటి ప్రశ్న ఆవిడనే అడిగాడు. "మామ్మగారూ, నీళ్ళు వస్తున్నాయా?"

"నీళ్ళకేటి బాబూ లోటు?" అంది మామ్మ, మేనమామ వైపు చూస్తూ. "గంగమ్మ తల్లి దయ."

"రోజూ వస్తాయా?"

"మరి రాకేటి?"

పక్కింటావిడ తల ఊపింది. ఎదురింటావిడ తల ఊపింది. ఒకరు అవునన్నాక ఇంకొకరు కాదనడం మా వీధిలో లేదు. ఆయన మా ఇంటి ముందుకొచ్చి అమ్మని అడిగాడు. అమ్మ నన్ను చూసింది, మామ్మని చూసింది, మేనమామని చూసింది. "ఆ... వొస్తంటాయి" అంది. ఆయన నా వైపు ఒకసారి జాలిగా చూసి, వేలు ఫోన్ మీదికి పోనిచ్చాడు.

మా కుళాయి గుమ్మం పక్కనే, గోడకి ఉంటుంది. కింద ఎప్పుడూ ఒక ఖాళీ బకెట్ ఉంటుంది, ఆశ కొద్దీ. నా చెయ్యి దానంతటది వెళ్ళి ఆ కుళాయి విప్పేసింది. అలవాటు. ఆ వెంటనే నోరు కూడా దానంతటదే తెరుచుకుంది.

"ఏటి మామ్మా నీకు లోటు నేదు? చెంబుడు నీళ్ళు మొయ్యలేక మెట్టు మెట్టుకీ కూలబడతన్నావు, నీకు లోటు నేదా? రేపొచ్చే పిల్ల ఏటి మోస్తాది, బిందె మోస్తాదా నీ పరువు మోస్తాదా? అమ్మా, నువ్వూ అంతే. నాను తలస్నానానికి ఆదివారం దాకా ఆగాలి, మెట్లకి మాత్రం పొద్దున్నే తలంటు పోసీసావు! ట్యాంకర్ పోతే పోనాది, ముగ్గు మాత్రం ఉండాల! వీధంతా ఒక మాట మీద ఉంటారంట, ఆ మాట అబద్ధం కాకపోతే మీకు పనికిరాదా? ఇక మా సార్ ఒకరు. ఎత్తులు ఆన్ సేత్తే సిస్టమ్ స్లో అయిపోద్దంట! ఇందాక మెట్ల మీద ఎవులు స్లో అయ్యారు సార్, సిస్టమా మీరా? మీరే ఎక్కలేకపోయారు, నీళ్ళెలాగెక్కుతాయి? మజ్జిగ తాగారు, మొహం కడుక్కున్నారు, ఆ నీళ్ళు ఎక్కడివని అడిగారా? పచ్చ చుక్కంట, పచ్చ చుక్క! తీసుకెళ్ళి మీ..."

అక్కడ ఆగాను. ఏదో తేడాగా అనిపించింది. హోరు లేదు.

కుళాయి మొత్తం విప్పి ఉంది. అందులోంచి ముసలి ఊపిరి లాంటి ఆ చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. బకెట్ ఖాళీగా ఉంది. నేను అన్న ప్రతి మాటా కింద వీధి దాకా వినపడింది.

భూమి చీలితే బాగుండును అని పుస్తకాల్లో రాస్తారు. మాది రాతి కొండ, అంత తేలిగ్గా చీలదు. నిలబడే ఉన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. అమ్మ నోరు తెరుచుకుని ఉంది. నా గొంతు ఇంత పెద్దగా ఆవిడ విన్నది బహుశా నేను పుట్టినప్పుడే.

మామ్మ తలొంచుకుంది. మేనమామ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. సంబంధం పోయిందనే అనుకున్నాను.

"అది గాదు మామ్మా" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నీళ్ళు నేకపోతే నేవని సెప్తే అయిపోను గదా. కింద వీధిలోనే ఉన్నోడిని, నాకు తెలీదేటి? మా అక్కోళ్ళ వీధిలో మాత్రం ఉన్నాయేటి? అదీ కొండే. మీకు అలగ సెప్పకపోతే కుర్రోడిని ఇవ్వరేమోనని మేవూ ఉన్నాయనే సెప్పినాం."

మామ్మ తల ఎత్తింది. "ఓరి మీ దుంపతెగ! మీరూ అబద్ధవేనేటి?" అని ముందు ఆవిడే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు గుమ్మం గుమ్మానికీ అంటుకుంది. మా టీమ్ లీడర్ నవ్వలేదు. ఫోన్ పట్టుకుని మేనమామ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ వీధి ఎక్కడండీ? అక్కడా పచ్చే పడి ఉంటుంది."

"అది పెళ్ళయ్యాక సెప్తాను సార్" అన్నాడు మేనమామ.

టీమ్ లీడర్ మా కుళాయి దగ్గరికి వచ్చి, వంగి, బకెట్‌లోకి చూశాడు. చేత్తో కుళాయి ఇంకాస్త తిప్పి చూశాడు. తరవాత ప్రతి ఇంటి కుళాయీ తనే స్వయంగా విప్పి చూస్తూ ఆ చివర దాకా వెళ్ళాడు. మామ్మ కుళాయికి తొడిగిన కొత్త ట్యూబు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. మెట్లు దిగేముందు నా దగ్గర ఆగి, "ఆ లేయర్ ఆన్ చెయ్యమ్మా, సోమవారం నుంచి" అన్నాడు. సిస్టమ్ నిజంగానే స్లో అయింది. అది వేరే సంగతి.

ట్యాంకర్ మళ్ళీ వచ్చింది. మా వీధి ఎర్రబడింది. అమ్మకి ఒకసారి తెర ఫోటో తీసి చూపిస్తే ఆవిడ బాధపడింది. "ఇంత ఎరుపేటే, నలుగురూ సూసేది? ఇంకో మంచి రంగు నేదా?" అంది. పెళ్ళి అయింది. కొత్తకోడలి బిందె ఇప్పుడు మామ్మ బిందె స్థానంలో వరసలో నిలబడుతోంది. ఆ పిల్లకి బిందె మోయడం నేర్పే పని పడలేదు. కొండ కింద మోటారు పెట్టి నీళ్ళు పై వీధికి ఎక్కించాలని ఒక ఆలోచన ఉందట. ఇంకా కాని పనుల్ని మ్యాపులో చుక్కల గీతతో చూపిస్తాం. ఆ గీత నేనే గీశాను. కింద నుంచి మా గుమ్మం దాకా, వంకర లేకుండా, చాలా శ్రద్ధగా. చుక్కల గీతలో నీళ్ళు పారవని నాకు తెలుసు.

మొన్న ఆఫీసులో ఇంకో తంటా వచ్చింది. పెద్దవాళ్ళకి చూపించే మ్యాపులో ఎరుపు ఎక్కువై చూడ్డానికి బాగాలేదట. ఎరుపుని లేత గులాబీగా మార్చమన్నారు. మార్చాను. బాత్రూమ్‌లో ఎవరో ఉండటంతో బకెట్ కూడా దొరకలేదు. ఆ కోపం బస్సులో గోపాలపట్నం దాకా, అక్కడి నుంచి మెట్ల మీదుగా ఇంటి దాకా మోసుకొచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం పక్క కుళాయి విప్పేశాను. నీళ్ళు రావని తెలుసు. హోరు రాదనీ తెలుసు. పళ్ళ బిగువున మొదలుపెట్టాను.

మామ్మ మెట్లెక్కి వస్తోంది. ఇప్పుడు ఆవిడ చేతిలో ఏమీ ఉండదు, అయినా అదే మెట్టు దగ్గర అలవాటుగా కూర్చుంటుంది. కూర్చుని, నన్ను, ఖాళీ బకెట్‌ని, విప్పి ఉన్న కుళాయిని మార్చి మార్చి చూసింది.

"ఎవుల్ని తిడతన్నావే?"

"ఎవరినీ కాదు మామ్మా."

"తిట్టుకోయే, తిట్టుకో. ఎవులొద్దన్నారు? లోపలికెల్లేటప్పుడు ఆ కుళాయి మాత్రం కట్టీసి ఎల్లు. నీళ్ళొత్తే ఒలికిపోతాయి."